కొండెక్కిన రైలు

మన తెలుగులో కొండెక్కడం అనే మాటకి ఎన్ని అర్థాలున్నాయో ఎప్పుడైనా గమనించారా? ధరలు కొండెక్కుతాయి. దీపం ఆరిపోయిందనడం అశుభం కనక కొండెక్కిందంటాం. మొక్కుబడి ఉంటే మనమే కొండెక్కి వస్తాం. మా అమ్మ నిఘంటువులో వీటన్నిటితోపాటు ఇంకో అర్థం కూడా ఉంది. "మీ నాన్నగారు కొండెక్కిన రోజుల్లో" అని ఆవిడ మొదలుపెట్టిందంటే, 1962లో కొత్తపెళ్ళాన్ని శృంగవరపుకోటలో అత్తగారికి అప్పగించి, అనంతగిరి కొండల్లో రైలు సొరంగాలు తవ్వేచోట ఓ కాంట్రాక్టరు దగ్గర టైమ్‌కీపరుగా చేరిపోయిన రోజులన్నమాట.

నాలుగేళ్ళు చేశారు ఆ పని. నెలకోసారి ఇంటికొస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. "నాకేం లోటమ్మా, సవతిపోరు కూడా చూశాను. ఆ కొండే నా సవతి" అనేది అమ్మ. మేం నవ్వేవాళ్ళం. నాన్నగారు కూడా నవ్వేవారు గానీ ఆ నవ్వులో కొంచెం తప్పుచేసిన భావం ఉండేది. ఎందుకంటే ఆయన ఒక మాటిచ్చి తప్పారు. లైను పూర్తికాగానే మొదటి బండిలో అమ్మని కూర్చోబెట్టి కొండమీదికి తీసుకెళ్తానన్నారట. లైను పూర్తయింది. ఆయన పని కూడా పూర్తయింది. ఇంకో ఊళ్ళో ఇంకో పని దొరికింది. మొదటి బండి ఎప్పుడు వెళ్ళిందో కూడా వీళ్ళకి తెలీదు. తర్వాత ఎన్నిసార్లు రమ్మన్నా "మొదటి బండి అన్నారు కదా, అది తీసుకురండి, వస్తాను" అని అమ్మ బిగదీసుకు కూర్చుంది. మేమంతా అరకు చూశాం. కాలేజీలో ఉండగా ఓసారి, పెళ్ళయిన కొత్తలో ఓసారి, పిల్లలతో నాలుగైదు సార్లు. అమ్మ మాత్రం కదల్లేదు. నాన్నగారు కాలంచేసి ఇరవై ఏళ్ళు దాటింది.

అలాంటిది, కిందటి కార్తీకంలో ఓరోజు పొద్దున్నే ఉసిరికాయలు తరుగుతూ, "నా మోకాళ్ళు నా మాట వింటుండగానే ఓసారి ఆవిణ్ణి చూసొస్తానే" అంది. ఎవరినా అనుకున్నాను. సవతిని!

ఇంకేముంది, మా అబ్బాయి హడావిడి పడ్డాడు. ఈ బండికి 2017 ఏప్రిల్లో అద్దాల పెట్టె ఒకటి తగిలించారు. పైకప్పు కూడా అద్దమే, కుర్చీలు గిర్రున తిరుగుతాయి. దానికి టిక్కెట్లు తీస్తానన్నాడు. అమ్మ వినలేదు. "అద్దాలు బిగించుకు కూర్చుంటే జామకాయలు ఎలా కొనుక్కుంటాంరా?" అంది. ఆ ప్రశ్నకి రైల్వే వాళ్ళ దగ్గర కూడా జవాబుంటుందని నేననుకోను. అంచేత మామూలు పెట్టెలోనే, కిటికీ పక్కన, పులిహోర డబ్బాతోనూ మరచెంబుతోనూ విశాఖపట్నం - కిరండూల్ పాసింజరు ఎక్కాం.

పొద్దున్న ఏడు కాకుండా బయల్దేరుతుంది ఈ బండి. చీకటి పడ్డాక ఛత్తీస్‌గఢ్‌లో బైలడిల్లా కొండల కింద ఉన్న కిరండూల్ చేరుతుంది. దరిదాపు 470 కిలోమీటర్లు, మూడు రాష్ట్రాలు, 58 సొరంగాలు. మరిపాలెం, సింహాచలం, పెందుర్తి దాటి కొత్తవలస దాకా వెళ్ళేది పాత దారే. బెజవాడ నుంచి కటకం దాకా 1893 - 96 మధ్య వేసిన తూర్పుతీరపు లైను అది. కొత్తవలసలో మన బండి ఆ పెద్దదారిని వదిలిపెట్టి ఎడమచేతి వైపు కొండల్లోకి మళ్ళుతుంది. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

ఇంత కష్టపడి ఈ కొండల్లోకి రైలు ఎందుకు వేశారని నేను చాలాకాలం ఆలోచించలేదు. అరకు అందంగా ఉంది కాబట్టి, మనబోటివాళ్ళం చూడ్డానికి వెళ్తాం కాబట్టి వేసుంటారనుకునేదాన్ని. మనకోసం కాదండీ. రాళ్ళకోసం.

బస్తరులో బైలడిల్లా అని ఓ కొండల వరస ఉంది. ఎద్దు మూపురంలా ఉంటుందని ఆ పేరు. ఆ కొండ నిండా ఇనపరాయే. నూటికి అరవై పాళ్ళకి పైగా ఇనుముండే మేలురకం. యుద్ధంలో చితికిపోయిన జపాను 1950లలో మళ్ళీ నిలదొక్కుకుంటూ ఉక్కు కార్ఖానాలు పెట్టుకుంటోంది. వాళ్ళకి కొలిమి ఉంది, పనిమంతులున్నారు, ఇనపరాయే లేదు. మనకి రాయి ఉంది, దాన్ని సముద్రందాకా మోసుకొచ్చే దారిలేదు. జపాను నిపుణులు బైలడిల్లా వచ్చి చూసుకు వెళ్ళారు. 1960లో ఒప్పందం కుదిరింది. 1966 నుంచి ఏటా 40 లక్షల టన్నుల రాయి జపాను ఉక్కు మిల్లులకి మనం పంపాలి. విశాఖలో రేవు 1933 నుంచే ఉంది. రాయికీ రేవుకీ మధ్య అడ్డుగా నిలబడ్డది తూర్పుకనుమలు. వాటిని తొలిచి దారి తియ్యాలి. అప్పుడు తలపెట్టిన మూడు రైలు దారుల్ని కలిపి దండకారణ్య - బొలంగీర్ - కిరిబురు పథకమన్నారు. అంత పొడుగు పేరు ఎవరికి నోరు తిరుగుతుంది? అందరూ డి.బి.కె. అనేవారు. మన కొత్తవలస - కిరండూల్ లైను అందులో అన్నిటికన్నా పొడవైనదీ, కష్టమైనదీ.

ఈ కథంతా నేను అమ్మకి చెబుతూంటే బండి ఓ చిన్న స్టేషన్లో ఆగింది. పది నిమిషాలయింది, పావుగంటయింది, కదలదు. ఎందుకాగిందని అడిగితే ఎదుటి సీట్లో ఆయన, "గూడ్సు వస్తోందండి. అది దిగిపోతే గానీ మనల్ని వదలరు" అన్నాడు. కాసేపటికి వచ్చింది మహాతల్లి. ముందు ఇంజన్లు, వెనక వరసగా ఎర్రటి దుమ్ము పట్టిన పెట్టెలు. వాటి నిండా రాయి. దడదడలాడుతూ, భూమి అదరగొడుతూ ఎంతసేపటికీ తెగదు. అమ్మ కళ్ళజోడు సవరించుకుని ఆ గూడ్సు తోక వెళ్ళేదాకా చూసింది. "ఎక్కడైనా మనుషుల బండికి సామాన్ల బండి దారిస్తుంది. ఇదేమిటే, రాళ్ళకోసం మనుషుల్ని ఆపేశారు?" అంది.

ఈ లైను చరిత్ర పుస్తకంలో రాయాలంటే ఆ ఒక్క వాక్యం చాలు. ఇది రాళ్ళు దిగడానికి వేసిన దారి. మనం తర్వాత వచ్చి ఎక్కిన చుట్టాలం. చుట్టాలు వచ్చినా ఇంటిపని ఆగదు కదా! ఈ దారికి ఎంత ముద్దు జరిగిందో చూడండి. మద్రాసు మెయిలు వెళ్ళే పెద్దలైను మన విశాఖ వైపు ఇంకా డీజిలు పొగ పీలుస్తూండగానే, ఈ కొండదారికి 1980ల తొలి ఏళ్ళలోనే కరెంటు తీగలు వేసేశారు. స్వీడన్ నుంచీ జపాన్ నుంచీ తెప్పించిన బలమైన ఇంజన్లు 1980ల చివర వాల్తేరు షెడ్డులోనే ఉంచి ఈ లైనుమీద తిప్పారు.

శృంగవరపుకోట స్టేషను వచ్చేసరికి అమ్మ నిటారుగా కూర్చుంది. అది ఆవిడ అత్తవారి ఊరు. "మేమున్నప్పుడు ఇక్కడ స్టేషనూ లేదు, బండీ లేదు. పుణ్యగిరి వెళ్ళాలంటే బండి కట్టించుకునేవాళ్ళం" అంది. ఊరు కనపడుతుందేమోనని తొంగి చూసింది. చెట్లూ, మేడలూ అడ్డమొచ్చాయి. ప్లాట్‌ఫారం మీద ఓ కొత్త కోడలు చంటిపిల్లనెత్తుకుని నిలబడుంది, ఆమె మొగుడు పరుగెత్తుకొచ్చి బండి ఎక్కాడు. అమ్మ ఆ పిల్లనే చూస్తూ ఉండిపోయింది.

బొడ్డవర దాటాక శివలింగపురం. అక్కణ్ణించి కొండ మొదలు. ఇంజను గొంతు మారుతుంది. బండి ఓ వంపు తిరిగితే ముందున్న పెట్టెలు మనకి కిటికీలోంచి కనపడతాయి. ఇందాక మనం వచ్చిన పట్టాలు కింద లోయలో తాడుముక్కలా పడుంటాయి. మొదటి సొరంగంలోకి బండి దూరేసరికి పిల్లలంతా ఒక్కసారిగా కేకలు పెట్టారు. ఈ బండిలో అదో ఆచారం. కాలేజీ పిల్లగా నేనూ పెట్టినదాన్నే. అమ్మ మాత్రం కిటికీ ఊచ పట్టుకుని చీకట్లోకి చూస్తూ కూర్చుంది. వెలుగులోకి రాగానే, "ఒకటి" అంది. లెక్కపెడుతోంది!

సొరంగం తవ్వడమంటే ఏమిటో నాన్నగారు మాకు భోజనాల దగ్గర కథలా చెప్పేవారు. కొండ మొహాన బరమాలతో వరసగా చిల్లులు వేస్తారు. వాటిలో మందు కూరుతారు. ఈల వేసి అందరినీ దూరంగా తోలి పేలుస్తారు. పొగా దుమ్మూ తేరుకున్నాక లోపలికి వెళ్ళి, పైన వేలాడుతున్న రాళ్ళని గునపాలతో రాల్చి, కిందపడ్డ రాళ్ళని ఎత్తి బయట పోస్తారు. మళ్ళీ చిల్లులు, మళ్ళీ మందు. ఇలా రోజుకి కొన్ని అడుగులు. పొడుగు సొరంగమైతే రెండువైపుల నుంచీ తవ్వుకొస్తారు. లోపల ఎక్కడో రెండు దారులూ కలవాలి. కొలతల్లో తేడా వస్తే ఒకదాన్నొకటి తప్పించుకు పోతాయి. అంచేత ఆ కలిసే రోజుకోసం క్యాంపంతా పెళ్ళిముహూర్తం కోసం చూసినట్టు చూసేవారట.

ఇక్కడి కొండ కూడా అంత మంచిది కాదు. తూర్పుకనుమల్లో ఎక్కువగా దొరికే ఈ రాతికి ఖోండలైట్ అని పేరు. ఈ కొండల్లో బతికే ఖోండుల పేరే శాస్త్రజ్ఞులు రాతికి పెట్టారు. చూడ్డానికి గట్టిగా ఉన్నా ఏళ్ళతరబడి ఎండకీ వానకీ తినేసిన చోట పిండిలా రాలుతుంది. అందుకే ఇప్పటికీ గట్టి వాన పట్టిందంటే కొండచరియ జారి పట్టాలమీద పడిందనీ, బండ్లు ఆపేశారనీ పేపర్లో చదువుతూంటాం. రాతి సంగతి అలా ఉంటే, మన్యం జ్వరం సంగతి వేరే చెప్పాలా? నాన్నగారి ఉత్తరాల్లో మొదటి వాక్యం "నేను ఇక్కడ క్షేమం" అని ఉంటే అమ్మ నమ్మేది కాదట. అక్షరాలు వణికాయా లేదా అని చూసేది. వణికితే జ్వరం వచ్చినట్టు!

నేను పుట్టింది 1964లో. కబురు వెళ్ళింది. నాన్నగారు రాలేదు. పురుడు వెళ్ళింది, రాలేదు. పదకొండోరోజు బారసాల పీటలమీద అమ్మ ఒక్కతీ కూర్చోబోతూంటే బట్టలనిండా మట్టితో దిగబడ్డారట. మా నాన్నమ్మ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. "ఎవరూ ఆపలేదమ్మా, నేనే ఆగిపోయాను. సొరంగం రెండువైపులా కలిసే వేళ, మస్టరు పుస్తకం వదిలి రాలేకపోయాను" అన్నారట. మస్టరంటే కూలీల హాజరు పుస్తకం. ఎవరు పనిలోకి వచ్చారు, ఎవరు లోపలికి వెళ్ళారు, ఎవరు బయటికి వచ్చారు అన్నీ అందులో ఉండాలి. "లోపలికి వెళ్ళినవాళ్ళ లెక్కా బయటికొచ్చినవాళ్ళ లెక్కా సరిపోయేదాకా నాకు అన్నం సహించేది కాదు" అనేవారు నాన్నగారు. ఆ లెక్క ఎప్పుడైనా తప్పిందా అని నేనడిగితే ఆయన కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయేవారు. అమ్మకీ చెప్పలేదట.

టైడా స్టేషన్లో బండి కాసేపు ఆగింది. నాన్నగారి క్యాంపు ఈ చుట్టుపక్కలే ఉండేదని విన్నాం. గుడారాలూ లేవు, రేకుల షెడ్లూ లేవు. అడవి మళ్ళీ తన చోటు తాను తీసేసుకుంది. గిరిజన స్త్రీలు బుట్టలతో కిటికీల దగ్గరికి వచ్చారు. అమ్మ జామకాయలు కొంది. అమ్మిన మనిషికి అమ్మ వయసే ఉంటుంది. "ఈ రైలు వెయ్యకముందు మీరిక్కడే ఉన్నారా?" అని అమ్మ అడిగింది. ఆమె నవ్వి కొండవైపు చెయ్యి చూపించింది. "మా అయ్య రాళ్ళు మోసాడమ్మా" అంది. ఇంతలో బండి కదిలింది. అమ్మ చిల్లర తీసుకోడం మరిచిపోయింది. కాదు, మరిచిపోలేదని తర్వాత తెలిసింది.

చిమిడిపల్లి తర్వాత బొర్రా గుహలు. స్టేషనుకి కూతవేటు దూరంలో, గోస్తనీ నది ఎన్ని లక్షల ఏళ్ళుగానో సున్నపురాయిని కరిగించుకుంటూ తొలిచిన గుహలవి. కొండమీద మేస్తున్న ఆవు పైనున్న కన్నంలోంచి లోపలికి పడిపోతే, వెతుక్కుంటూ వెళ్ళిన కాపరికి లోపల శివలింగం కనపడిందనీ, అందుకే నదికి గోస్తని అన్న పేరు వచ్చిందనీ కథ చెబుతారు. ఆ నదే దిగువన తాటిపూడి జలాశయం నింపి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. నీరు తొలిచిన గుహకి దేవుడున్నాడు, కథ ఉంది. మనుషులు తొలిచిన గుహలకి నంబర్లు మాత్రమే ఉన్నాయి.

అక్కణ్ణించి కరకవలస, తర్వాత శిమిలిగుడ. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు. చాలా ఏళ్ళపాటు దేశం మొత్తంమీద బ్రాడ్‌గేజి లైన్లో అన్నిటికన్నా ఎత్తయిన స్టేషన్ ఇదేనని గొప్పగా చెప్పుకునేవాళ్ళం. 2008లో కాశ్మీరు లోయలో రైళ్ళు తిరగడం మొదలయ్యాక ఆ పదవి పోయింది. పోతే పోయింది, సముద్రం ఒడ్డున ఎక్కినవాళ్ళని నాలుగు గంటల్లో మేఘాల ఊరికి చేర్చే బండి మనకి ఇంకోటి లేదు కదా!

అరకులో సగం బండి ఖాళీ అయిపోయింది. ఇక్కడి పద్మాపురం తోట కూడా రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో సైనికులకి కూరగాయలు పండించడానికి వేసిందేనట. చూశారా, మనం విహారానికి వెళ్ళే చోట్లన్నీ ఎవరో ఏదో అవసరానికి వేసుకున్నవే. కార్తీకం కనక వలిసెలు పూశాయి. లోయ అంతా పసుపు ఆరబోసినట్టుంది. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. కాఫీ తెచ్చిచ్చాను, అరకు కాఫీయే. రెండు గుక్కలు తాగి, "ఇంత అందంగా ఉంటుందని మీ నాన్న ఎప్పుడూ చెప్పలేదే" అంది. చెబితే ఇంకా కోపం తెచ్చుకుంటావని చెప్పుండరన్నాను. "నిజమే" అని ఒప్పుకుంది. ఏమాట కామాటే, అమ్మ అంత తొందరగా ఏదీ ఒప్పుకోదు.

అరకు దాటాక మళ్ళీ ఓ చోట గూడ్సుకోసం ఆగాం. అప్పుడు నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. రాయిని జపానుకి దించడానికి ఈ కొండల్లో మందు పేలుస్తున్న రోజుల్లోనే, కింద విశాఖలో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని జనం వీధుల్లోకి వచ్చారు. 1966 అక్టోబరులో అమృతరావుగారు నిరాహారదీక్ష పట్టారు. నవంబరు 1న విశాఖలో పోలీసులు కాల్పులు జరిపారు. ఆ ఉద్యమం మొత్తంమీద 32 మంది పోయారని చెప్పుకుంటారు. మన ముంగిట్లోంచి రాయి పోతోంది, మనకి కొలిమి వద్దా అన్నదే ఆ గొడవంతా. 1971 జనవరిలో ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టులో పి.వి.గారు కార్ఖానాని జాతికి అంకితం చేశారు. ఆ కొలిమిలోకి కూడా బైలడిల్లా రాయి ఈ దారినే దిగింది. అంచేత గూడ్సుకి దారిచ్చి మనం ఆగితే మరీ అంత నామోషీ ఏమీ లేదని అమ్మకి సర్దిచెప్పాను.

పాడువా, మచ్‌ఖండ్ రోడ్డు దాటుతూ ఒరిస్సాలో పడ్డాం. మచ్‌ఖండ్ అంటే మనకీ వాళ్ళకీ ఉమ్మడిగా 1955లో మొదలైన జలవిద్యుత్తు. కోరాపుట్ జంక్షను దగ్గరికొచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది, మా పులిహోర డబ్బా తెరుచుకుంది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు రాజధానిలో, మన వైపు పాలనలోనే ఉండేది. ఆ తర్వాతొచ్చే జయపురం పేరు వింటే ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్నవాళ్ళకి చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. జయపురం మహారాజు విక్రమదేవవర్మగారు తెలుగులో కవి, పండితుడు. ఆ విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇస్తూవచ్చిన దాత. సైన్సు కాలేజీకి ఆయన పేరే ఉంది. అప్పట్లో లక్షంటే ఏమిటో మన తాతలనడగాలి.

జయపురం దాటాక కోట్‌పాడ్ రోడ్డు. ఆడవాళ్ళం కనక ఇక్కడ కాస్త ఆగాలి. కోట్‌పాడ్ నేతగాళ్ళు ఆల్ అనే చెట్టు వేళ్ళ బెరడు నుంచి రంగు తీసి నూలు అద్దుతారు. ముదురు ఎరుపు, కాఫీగింజ రంగు, దానిమీద పీతలూ చేపలూ శంఖాలూ. కొత్తలో కాస్త బిరుసుగా ఉన్నా ఉతికినకొద్దీ మెత్తబడుతుంది, రంగు మాత్రం పోదు. ఒరిస్సా మొత్తంమీద భౌగోళిక గుర్తింపు మొదట దక్కింది, 2005లో, ఈ బట్టకే.

సాయంత్రానికి జగదల్‌పూర్‌లో దిగాం. అక్కడ మా ఆడపడుచు కొడుకు బ్యాంకులో పనిచేస్తున్నాడు. మన ఊరు వదిలి ఎంతో దూరం వచ్చామనుకుంటాం గానీ, ఈ బస్తరుకి మనతో పాత చుట్టరికమే ఉంది. 1323లో ఓరుగల్లు కూలిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి ఇక్కడ రాజ్యం నిలుపుకున్నాడనీ, దంతేశ్వరీదేవి ఆయన వెంట ఓరుగల్లు నుంచే వచ్చిందనీ ఈ ప్రాంతం వాళ్ళు చెప్పుకుంటారు. ఇక్కడి దసరా 75 రోజుల పండగ. అందులో రాముడూ లేడు, రావణుడూ లేడు. అంతా దంతేశ్వరమ్మే. ఆవిడ పెద్ద గుడి ఇంకా ముందుకెళ్తే దంతేవాడలో, శంఖినీ డంకినీ నదులు కలిసేచోట ఉంది.

పాసింజరు గీదం, దంతేవాడ, బచేలీ మీదుగా రాత్రికి కిరండూల్ చేరుతుంది. నక్సలైట్ల భయంతో దాన్ని దంతేవాడలోనే ఆపేసిన రోజులు కూడా చాలా ఉన్నాయి. బైలడిల్లాలో మొదటి గని 1968లో మొదలైంది. కొండ తరుగుతూనే ఉంది, రాయి దిగుతూనే ఉంది. ఎవరి కొండ తరిగి ఎవరి ఇల్లు లేచిందన్న లెక్క అడిగే గొంతులు అక్కడ ఇప్పటికీ వినిపిస్తాయి. లోపలికి వెళ్ళినవాటి లెక్కా బయటికొచ్చినవాటి లెక్కా ఆ ఊరివాళ్ళకి ఇంకా సరిపోలేదు.

ఆ రాత్రి మా మేనకోడలు, అంటే ఆడపడుచు కోడలు, అమ్మకి ఓ కోట్‌పాడ్ చీర పెట్టింది. అమ్మ చీర ఒళ్ళో పెట్టుకుని అంచు తడిమి నవ్వింది. "మీ మావగారు ఈ దారిన వెళ్ళి నాకేం తెచ్చారో తెలుసా? రాయి!" అంది. నిజమే. లైను పూర్తయ్యాక నాన్నగారు ఎవరితోనో కలిసి ఓసారి బైలడిల్లా దాకా వెళ్ళొచ్చారు. చీరో రవికెలగుడ్డో వస్తుందని చూస్తూంటే, జేబులోంచి నల్లగా ఎర్రగా ఉన్న రాయి తీసి అమ్మ చేతిలో పెట్టారు. "దీనికోసమే ఇదంతా" అన్నారట. అమ్మ ఆ రాయిని ఏం చేసిందంటారు? ఆవకాయ జాడీకి వాసెన కట్టి, పైన మూతమీద బరువుగా పెట్టింది. అరవై ఏళ్ళుగా అదే దాని ఉద్యోగం. పిల్లి తోసినా కదల్దు. జపాను వెళ్ళాల్సిన రాయి మా ఇంట్లో ఆవకాయకి కాపలా కాస్తోంది.

మర్నాడు మళ్ళీ అదే బండిలో తిరిగొచ్చాం. దిగుడులో అమ్మ సొరంగాలు మళ్ళీ లెక్కపెట్టింది. మధ్యలో కునుకు పట్టి లెక్క తప్పింది. "ఎన్నయ్యాయే?" అంది. నేను చూడలేదన్నాను. "మీ నాన్నగారైతే తప్పేవారు కాదు" అంది. తర్వాత సొరంగంలోకి వెళ్ళేసరికి పిల్లలు కేకలు పెట్టారు. ఆ గోలలో అమ్మ ఏదో అంది, నాకు వినపడలేదు. బయటికి వచ్చాక అడిగితే, "నీతో కాదులే" అంది.

టైడాలో అమ్మ కిటికీలోంచి అటూ ఇటూ చూసింది. ఆ జామకాయల ఆవిడ కనపడలేదు. "చిల్లర ఉంచుకోమని చెప్పి ఉండాల్సింది. మరిచిపోయాననుకుంటుంది పాపం" అంది అమ్మ. "ఆవిడ నాన్న పేరు మీ నాన్నగారి పుస్తకంలో ఉండే ఉంటుందే" అని మళ్ళీ తనే అంది. ఆ పుస్తకాలు ఇప్పుడు ఎక్కడా లేవు. స్టేషను బోర్డులమీద ఎత్తు మీటర్లలో రాసుంది. ఎత్తినవాళ్ళ పేర్లు లేవు.

ఇంటికొచ్చాక మావారు అడిగారు, "ఎలా ఉందండీ అత్తయ్యగారూ మీ సవతి?" అని. అమ్మ కాళ్ళు కడుక్కుని, తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, జాడీమీది రాయి తీసి, పమిట చెంగుతో శుభ్రంగా తుడిచింది. చెంగుకి ఎర్రటి మరక అంటింది.

"బాగానే ఉంది. అందమైనదే. ఆయన తప్పేం లేదు" అని, రాయి మళ్ళీ దాని చోట అది పెట్టేసింది.